మూట విప్పి చూపిన మనిషి: ఆల్‌బ్రెక్ట్ కోసెల్



ఇంట్లో ఇంటర్ బైపీసీ చదివే పిల్లలుంటే అడెనిన్, గ్వానిన్, థైమిన్, సైటోసిన్ అని వాళ్లు గడగడా అప్పజెప్పడం మీరు వినే ఉంటారు. హిస్టోన్ అనే మాట కూడా మీ చెవిన పడే ఉంటుంది. నీట్‌కు చదివేవాళ్లకు ఇవి తప్పనిసరి. ఈ మాటల్లో చాలావరకు ఒకే ప్రయోగశాల నుంచి, ఒకే మనిషి చేతి మీదుగా పుస్తకాల్లోకి వచ్చాయి. ఆయన పేరు ఆల్‌బ్రెక్ట్ కోసెల్. డీఎన్‌ఏ ఎలా ఉంటుందో ప్రపంచానికి తెలియకముందే కన్నుమూశారు. అయినా డీఎన్‌ఏ గురించి, దాన్ని చుట్టుకుని ఉండే ప్రోటీన్ల గురించి ఈ రోజు మనకు తెలిసినదానికి పునాది వేసినవారిలో ఆయన ముఖ్యులు. ఈ నెల జీవిత పరిచయం ఆయనదే.

రోస్టాక్ నుంచి స్ట్రాస్‌బర్గ్‌కు

కోసెల్ 1853 సెప్టెంబర్ 16న ఉత్తర జర్మనీలో, బాల్టిక్ సముద్రతీరంలోని రోస్టాక్ అనే ఓడరేవు పట్టణంలో పుట్టారు. తండ్రి వర్తకుడు, ప్రష్యా రాజ్యం తరఫున ఆ ఊళ్లో కాన్సుల్‌గా కూడా ఉండేవారు. తల్లి పేరు క్లారా. బడిలో ఉన్న రోజుల నుంచే కోసెల్‌కు మొక్కలన్నా, రసాయనశాస్త్రమన్నా ఎంతో ఇష్టం. అయితే 1872లో ఆయన చేరింది వైద్యవిద్యలో.

చేరిన చోటు స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయం. ఆ నగరం ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉంది, అప్పట్లో జర్మన్ సామ్రాజ్యంలో ఉండేది. అక్కడ శిలీంధ్రాల మీద పరిశోధనలకు పేరుమోసిన ఆంటన్ డి బేరీ పాఠాలు విన్నారు. రక్తంలోని ఎర్ర పదార్థానికి హీమోగ్లోబిన్ అని పేరు పెట్టిన ఫెలిక్స్ హోప్-సైలర్ దగ్గరా చదువుకున్నారు. శరీరంలో జరిగే పనులను రసాయనశాస్త్రంతో అర్థం చేసుకోవాలన్నది హోప్-సైలర్ ఆలోచన. దాన్నే ఇప్పుడు మనం బయోకెమిస్ట్రీ అంటున్నాం.

చదువు చివరి దశను కోసెల్ సొంత ఊరు రోస్టాక్‌లో ముగించి, 1877లో వైద్యుడిగా అర్హత పరీక్ష పాసయ్యారు. చేతిలో డాక్టరు లైసెన్సు ఉంది. కానీ ఆయన మళ్లీ స్ట్రాస్‌బర్గ్ వెళ్లి, తన గురువు ప్రయోగశాలలో సహాయకుడిగా చేరారు. ఆ తర్వాత జీవితమంతా ప్రయోగశాలలోనే గడిచింది.

ఎవరూ నమ్మని పదార్థం

ఆ ప్రయోగశాలలో అప్పటికే ఒక చిక్కుముడి ఉంది. 1869లో హోప్-సైలర్ శిష్యుడు ఫ్రీడ్రిష్ మీషర్, ఆస్పత్రి కట్లకు అంటిన చీములోని కణాల నుంచి ఒక కొత్త పదార్థాన్ని వేరుచేశారు. అది కణ కేంద్రకం నుంచి, అంటే న్యూక్లియస్ నుంచి వచ్చింది కనుక దానికి న్యూక్లీన్ అని పేరు పెట్టారు. అందులో భాస్వరం ఎక్కువగా ఉంది. మామూలు ప్రోటీన్లలో అలా ఉండదు. హోప్-సైలర్ ఆ ప్రయోగాలను స్వయంగా తిరిగి చేసి చూసుకున్నాకే 1871లో ఆ వ్యాసాన్ని అచ్చుకు ఇచ్చారు.

అయినా అనుమానాలు పోలేదు. ఇది కొత్త పదార్థమేమీ కాదు, ప్రోటీన్‌కు భాస్వరం మురికిలా అంటుకుని ఉంటుందంతే అని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. ఆ వాదనను తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. అప్పట్లో పదార్థాలను శుద్ధి చేసే పద్ధతులు అంతంత మాత్రమే.

కోసెల్ ఈ ప్రశ్నను ఈస్ట్‌తో మొదలుపెట్టారు. ఈస్ట్ అంటే బేకరీలో బ్రెడ్డు, బన్ను పిండిని పొంగించే ఏకకణ శిలీంధ్రం. ఎంత కావాలంటే అంత దొరుకుతుంది, ప్రతి కణంలోనూ కేంద్రకం ఉంటుంది. ఆయన ఈస్ట్ నుంచి న్యూక్లీన్‌ను తీసి, దాన్ని రసాయనికంగా విడగొట్టి, వచ్చిన ముక్కలు ఏమిటో ఒక్కొక్కటిగా తేల్చారు. 1879లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ముక్కల్లో హైపోజాంథిన్, జాంథిన్ అనే నత్రజని పదార్థాలు కనిపించాయి. మామూలు ప్రోటీన్‌ను విడగొడితే ఇవి రావు. అంటే న్యూక్లీన్ మురికి అంటిన ప్రోటీన్ కాదు, దాని నిర్మాణమే వేరు.

మరి అది కణానికి ఎందుకు? ఆకలి వేళకు దాచుకున్న ఆహారమా? వేర్వేరు కణజాలాల్లో న్యూక్లీన్ ఎంత ఉందో కొలిచి చూసి, అది నిల్వ ఆహారం కాదనీ, కొత్త కణజాలం పెరగడంతో దానికి సంబంధం ఉందనీ కోసెల్ నిర్ణయించారు. ముప్పై ఏళ్లు కూడా నిండని పరిశోధకుడు, సరైన దిశలో వేసిన అడుగు అది.

పెద్దబాతు రక్తంలో హిస్టోన్

1883లో కోసెల్ బెర్లిన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడి శరీరధర్మశాస్త్ర సంస్థలో రసాయన విభాగానికి అధిపతి అయ్యారు. మరుసటి ఏడాదే, 1884లో, ఒక ముఖ్యమైన పదార్థాన్ని కనుక్కున్నారు.

ఈసారి ఆయన తీసుకున్నది పెద్దబాతు రక్తం. మనుషుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, పక్షుల కణాల్లో ఉంటుంది. ఈ తేడా మీ పిల్లలకు తెలుసో లేదో అడిగి చూడండి. ఆ కేంద్రకాలను వేరుచేసి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపితే, ఒక ప్రోటీన్ ఆమ్లంలోకి దిగి వచ్చింది. దానికి ఆయన హిస్టోన్ అని పేరు పెట్టారు. దానిది క్షార స్వభావం, న్యూక్లీన్‌లోని ఆమ్లానిది దానికి ఎదురు స్వభావం. కేంద్రకం లోపల ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

కొద్ది ఏళ్ల ముందే మరో జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ ఫ్లెమింగ్, సూక్ష్మదర్శినిలో చూస్తూ, రంగు వేస్తే కేంద్రకంలో బాగా రంగు పట్టే పదార్థానికి క్రొమాటిన్ అని పేరు పెట్టారు. అది కంటికి కనిపించిన మూట. ఆ మూటలో ఉన్నవి ముఖ్యంగా రెండు: న్యూక్లిక్ ఆమ్లం, హిస్టోన్ ప్రోటీన్లు. ఆ రెంటినీ విడదీసి రసాయనికంగా పరీక్షించడమే కోసెల్ జీవితకాలపు పని అయింది.

అయిదు అక్షరాలు

మొదట ఆయన న్యూక్లిక్ ఆమ్లం వైపు తిరిగారు. 1885లో పశువుల క్లోమగ్రంథి నుంచి అడెనిన్‌ను వేరుచేశారు. గ్రీకు భాషలో గ్రంథి అనే అర్థమున్న మాట నుంచి ఆ పేరు పుట్టింది. ఈస్ట్ న్యూక్లీన్‌లో మొదట తనకు దొరికిన హైపోజాంథిన్ అసలు అడెనిన్ మారిన రూపమేనని అప్పుడు అర్థమయింది. గ్వానిన్ అంతకుముందే పక్షుల రెట్ట ఎరువైన గ్వానోలో దొరికిన పదార్థం. అదీ న్యూక్లీన్‌లో భాగమేనని కోసెల్ చూపారు. తర్వాత ఆల్బర్ట్ నాయ్‌మన్‌తో కలిసి దూడ థైమస్ గ్రంథి నుంచి 1893-94లో థైమిన్‌ను, సైటోసిన్‌ను తీశారు. 1900లో ఆయన ప్రయోగశాలలోనే అల్బెర్టో అస్కోలీ అనే యువకుడు ఈస్ట్ నుంచి యురాసిల్‌ను వేరుచేశారు. అలా అయిదు క్షారాల పట్టిక పూర్తయింది.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. థైమస్ నుంచి వచ్చిన ఆమ్లంలో థైమిన్ ఉంది, ఈస్ట్ నుంచి వచ్చినదానిలో యురాసిల్ ఉంది. దాంతో జంతువులకు ఒక రకం, మొక్కలకూ ఈస్ట్‌కూ ఇంకో రకం న్యూక్లిక్ ఆమ్లం ఉంటుందని చాలా ఏళ్లపాటు శాస్త్రవేత్తలు అనుకున్నారు. నిజానికి ఈస్ట్ నుంచి ఎక్కువగా బయటికి వచ్చింది ఆర్‌ఎన్‌ఏ, థైమస్ నుంచి వచ్చింది డీఎన్‌ఏ. రెండూ అన్ని జీవుల కణాల్లోనూ ఉంటాయి. అది తేలడానికి మరో తరం పట్టింది. అయితే కోసెల్ బృందం కొలిచి రాసిన ఫలితాలను ఎవరూ కొట్టివేయాల్సిన అవసరం రాలేదు. వాటికి చెప్పుకున్న అర్థం మాత్రమే మారింది.

మనకు దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో ప్రకటించిన ఏటీపీ గురించి మన పిల్లలు చదువుతారు. కణాలకు శక్తినిచ్చే ఆ పదార్థం పేరులోని మొదటి అక్షరం అడెనిన్ నుంచి వచ్చిందే. కోసెల్ క్లోమగ్రంథిలో చూసిన ముక్క, 44 ఏళ్ల తర్వాత మన తెలుగువాడి పరిశోధనలో మళ్లీ కనిపించింది.

కుటుంబం, పదవులు, నోబెల్

1886లో కోసెల్ లూయిజె హోల్ట్స్‌మన్‌ను వివాహం చేసుకున్నారు. వాళ్ల కొడుకు వాల్తర్ 1888లో పుట్టాడు. అతను భౌతికశాస్త్రవేత్త అయ్యాడు. ఇంటర్ మొదటి సంవత్సరం కెమిస్ట్రీలో రసాయన బంధాల పాఠం తెరిస్తే కోసెల్, లూయిస్ అని రెండు పేర్లు కలిసి కనిపిస్తాయి. ఆ కోసెల్ ఈ వాల్తరే. తండ్రి బయాలజీ పుస్తకంలో, కొడుకు కెమిస్ట్రీ పుస్తకంలో ఉన్నారన్నమాట.

1895లో కోసెల్ మార్బుర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఆ ఏడాదే గురువు హోప్-సైలర్ మరణించడంతో, ఆయన స్థాపించిన శాస్త్రపత్రిక సంపాదకత్వం కూడా మీద పడింది. 1896లో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని కనుక్కున్నారు. 1901లో హైడెల్‌బర్గ్‌కు మారారు. అప్పటికి ఆయన దృష్టి ప్రోటీన్ల మీదకు మళ్లింది. చేపల వీర్యకణాల్లోని ప్రోటమిన్లు, కేంద్రకాల్లోని హిస్టోన్లు ఏ ఏ అమైనో ఆమ్లాలతో తయారయ్యాయో లెక్క కట్టారు. వాటిలో ఆర్జినిన్, లైసిన్ లాంటి క్షార గుణమున్నవే ఎక్కువ.

1910లో ఆయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కణం రసాయనాన్ని, ముఖ్యంగా ప్రోటీన్లను, కేంద్రక పదార్థాలను తెలియజెప్పినందుకు ఆ ఏడాది ఆ బహుమతి ఆయన ఒక్కరికే ఇచ్చారు. మూడేళ్లకు, 1913లో, భార్య లూయిజె మరణించారు. మరుసటి ఏడాది మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది.

ఆయన రాజకీయాల జోలికి పెద్దగా వెళ్లే మనిషి కాదు. అయినా 1914లో జర్మనీ తరఫున వెలువడిన యుద్ధప్రచార ప్రకటన మీద సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. యుద్ధం సాగుతున్నకొద్దీ దేశంలో తిండికి కటకట ఏర్పడింది. ప్రజలకు ఇస్తున్న రేషన్ సరిపోతుందని చెప్పమని ఆయన మీద ఒత్తిడి వచ్చింది. శరీరధర్మశాస్త్రంలో నోబెల్ పొందిన మనిషి చెబితే జనం నమ్ముతారు. కానీ ఆ రేషన్ చాలదని ఆయనకు తెలుసు. అబద్ధాన్ని నిజమని చెప్పనని నిరాకరించారు. ప్రయోగశాలలో తూకం చూపినంతే రాసిన మనిషి, బయట కూడా అంతే చెప్పారు.

1924లో పదవీ విరమణ చేసినా పరిశోధన మానలేదు. 1927 జులై 5న హైడెల్‌బర్గ్‌లో, 73వ ఏట కన్నుమూశారు. ప్రోటమిన్లు, హిస్టోన్ల గురించి ఆయన రాసిన పుస్తకం ఇంగ్లిష్ అనువాదం 1928లో, ఆయన పోయాక వెలువడింది.

ఆయన చూడని జవాబు

కేంద్రకం అనే మూటను విప్పి, అందులోని రెండు రకాల సరుకునూ కోసెల్ బయటపెట్టారు. ఆ రెండూ లోపల ఎలా అమరి ఉంటాయి, వాటి పని ఏమిటి అన్నది ఆయనకు తెలియలేదు. వారసత్వ సమాచారం డీఎన్‌ఏలో ఉందని 1944లో ఆస్వాల్డ్ ఏవరీ బృందం చూపింది. 1953లో వాట్సన్, క్రిక్ దాని మెలితిరిగిన నిచ్చెన రూపాన్ని ప్రకటించారు. 1974లో రోజర్ కార్న్‌బర్గ్, హిస్టోన్లు గుంపుగా చేరి డీఎన్‌ఏను ఒక క్రమంలో పట్టి ఉంచుతాయని వివరించారు. హిస్టోన్ పేరు పెట్టి అప్పటికి సరిగ్గా 90 ఏళ్లు.

ఆ అమరిక ఇలా ఉంటుంది. మగ్గం దగ్గర కండెకు నూలు చుట్టడం మీరు చూసే ఉంటారు. నాలుగు రకాల హిస్టోన్లు, రకానికి రెండు చొప్పున ఎనిమిది కలిసి ఒక కండెలా ఏర్పడతాయి. దాని చుట్టూ డీఎన్‌ఏ ఒకటిన్నర చుట్టుకు కాస్త ఎక్కువగా, 147 అక్షరాల జతల పొడవున చుట్టుకుంటుంది. దీన్నే న్యూక్లియోసోమ్ అంటారు. తర్వాత కొంచెం ఖాళీ దారం, ఆపైన ఇంకో కండె. పిల్లల పుస్తకంలో దారానికి గుచ్చిన పూసల్లా కనిపించే బొమ్మ ఇదే. డీఎన్‌ఏకు రుణావేశం, హిస్టోన్లకు ధనావేశం ఉండటం వల్ల అవి గట్టిగా పట్టుకుంటాయి. కోసెల్ ఆమ్లంతో తడిపినప్పుడు హిస్టోన్ విడివడటానికి కారణం, ఆ పట్టు సడలడమే.

ఈ చుట్టుడు ఎంత అవసరమో ఈస్ట్‌నే తీసుకుని చూద్దాం. ఈస్ట్ డీఎన్‌ఏలో సుమారు 1 కోటి 20 లక్షల అక్షరాల జతలు, 16 క్రోమోజోముల్లో ఉంటాయి. అన్నీ కలిపి సాగదీస్తే 4 మిల్లీమీటర్లు. కేంద్రకం అడ్డుకొలత మాత్రం 2 మైక్రోమీటర్ల లోపే. రెంటినీ 1000 రెట్లు పెంచి ఊహించుకోండి: సాలెపోగు అంత సన్నని 4 మీటర్ల దారాన్ని ఒక ఆవగింజలో సర్దాలి. పైగా కణానికి కావలసిన జన్యువు కావలసిన వేళకు చేతికి అందాలి. అందుకే ఈస్ట్‌లో సుమారు 165 జతలకు ఒక కండె చొప్పున వరుసగా ఉంటాయి. చాలా జన్యువులు మొదలయ్యే చోట మాత్రం కండె లేకుండా కొంచెం జాగా వదిలి ఉంటుంది.

అయితే హిస్టోన్లు ఉత్త చుట్టలేనా, లేక జన్యువుల పనిలో వాటికి పాత్ర ఉందా? ఈ ప్రశ్నకు జవాబు మళ్లీ ఈస్ట్ నుంచే వచ్చింది. మనుషుల్లో ఒక్కో హిస్టోన్‌కు జన్యువుల ప్రతులు ఎన్నో ఉంటాయి, వాటిని మార్చి చూడటం కష్టం. ఈస్ట్‌లో ఈ నాలుగు రకాలకూ రెండేసి ప్రతులే. కాలిఫోర్నియాలో మైఖేల్ గ్రున్‌స్టీన్ బృందం ఈస్ట్‌లో ఒక హిస్టోన్ తయారీని ఆపి చూస్తే, అంతవరకు నిద్రపోతున్న కొన్ని జన్యువులు మేల్కొన్నాయి. 1988లో ఆ ఫలితాలు వచ్చాయి. అంటే హిస్టోన్లు దారం చుట్టే కండెలు మాత్రమే కాదు, ఏ జన్యువు తెరుచుకోవాలో, ఏది మూసి ఉండాలో నిర్ణయించడంలోనూ వాటికి భాగముంది. క్యాన్సర్ మీద జరిగే పరిశోధనల్లో ఈ విషయానికి ఇప్పుడు పెద్ద స్థానం ఉంది.

ఈస్ట్‌లో తెలుసుకున్నది మనకెలా వర్తిస్తుందని పిల్లలు అడిగితే ఈ లెక్క చెప్పండి. హెచ్4 అనే హిస్టోన్‌లో 102 అమైనో ఆమ్లాలుంటాయి. బఠాణీ మొక్కలో ఉన్నదానికీ ఆవులో ఉన్నదానికీ తేడా కేవలం 2. కోట్ల ఏళ్లుగా ప్రకృతి పెద్దగా మార్చకుండా కాపాడుకున్న ప్రోటీన్లలో ఇదొకటి.

మన పిల్లలతో

కోసెల్‌కు దొరికిన ముక్కలన్నీ ఆయన పోయాక ఒకచోట చేరాయి. న్యూక్లీన్ మురికి కాదన్నది, హిస్టోన్‌ది క్షార గుణమన్నది, అయిదు క్షారాల పట్టిక, ఇవేవీ ఆ తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచి చేయాల్సి రాలేదు. పూర్తి జవాబు తన చేతికి రాదని తెలిసినా, తన వంతు భాగాన్ని తప్పు లేకుండా అప్పగించడం చిన్న పని కాదు. మన పిల్లలు ఒక చాప్టర్ పూర్తిగా అర్థం కాలేదని దిగులుపడ్డప్పుడు ఈ సంగతి వాళ్లకు ధైర్యమివ్వవచ్చు.

ఈ ఆదివారం వీలు చూసుకుని ఒక చిన్న పని చేయండి. నాలుగు మీటర్ల కుట్టుదారం, కొన్ని పూసలు, ఒక చిన్న అగ్గిపెట్టె తీసుకోండి. మొదట దారాన్ని ఊరికే నలిపి పెట్టెలో కుక్కమనండి. ఆ తర్వాత మధ్యలో ఒకచోట పెన్నుతో గుర్తు పెట్టి, ఆ చోటును చిక్కుపడకుండా బయటికి తీయమనండి. రెండోసారి దారాన్ని వరుసగా ఒక్కో పూసకు ఒకటిన్నర చుట్టు చొప్పున చుట్టి, అదే పని చేయమనండి. న్యూక్లియోసోమ్ ఎందుకు కావాలో వాళ్లకు వేళ్లతోనే అర్థమవుతుంది. ఆ అగ్గిపెట్టెను సోమవారం బడికి పంపితే బయాలజీ టీచర్ తరగతిలో చూపిస్తారు.